ముక్కు దిబ్బడ, తలనొప్పి: సైనస్ కాకపోవచ్చు

మీది మైగ్రేన్ కావచ్చు. రెండుసార్లు యాంటీబయాటిక్ వాడినా నుదుటి నొప్పి, ముక్కు దిబ్బడ తగ్గలేదని, చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే బస్సులో ఎండ కళ్లలో పడితే మొదలవుతుందని రాశారు కదా. మైగ్రేన్‌లో ముఖానికి స్పర్శ, నొప్పి తెలిపే ట్రైజెమినల్ నరం రేగితే ముక్కులోని రక్తనాళాలు ఉబ్బుతాయి, నీళ్లు కారతాయి. బ్యాక్టీరియా ఇన్ఫెక్షనే లేనిచోట యాంటీబయాటిక్ ఏం చేస్తుంది?

1. అందరూ వదిలేసేది రాసుకోవడం. నొప్పి ఎన్నింటికి మొదలైంది, వెలుతురు భరించగలిగారా, వికారం ఉందా, ఆ రోజు టిఫిన్ మానేశారా. చీదాక రుమాలు కూడా చూడండి: నీళ్లలా తేటగా ఉంటే మైగ్రేన్ అనుమానం పెరుగుతుంది. చిక్కగా, పచ్చగా, జ్వరంతో వస్తే సైనస్‌ను చూపించుకోవాలి. నేను రెండేళ్లు ఆవిరి పట్టుకుంటూ గడిపాను. చివరికి డాక్టరుకు దారి చూపింది నా పాత నోటుపుస్తకమే.

2. దిబ్బడ తీసే స్ప్రే మూడు రోజులు దాటనివ్వకండి, అదే దిబ్బడ తెస్తుంది.

3. పారాసిటమాల్ వంటివి నెలకు 15 రోజులు మింగితే మాత్రలే తలనొప్పి తెస్తాయి.

4. నెల రోజుల రాతలతో న్యూరాలజీ డాక్టరును కలవండి. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, చేయి పట్టు తప్పినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.