"చూద్దాం" అన్న మాట ఖరీదు

చిరంజీవి మేనల్లుడికి,
మామయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు నీ గురించే చెప్పింది. గాజువాకలో చూసిన షాపు ఓనరుకి రెండు నెలలుగా "చూద్దాం" అంటున్నావట. వాటాకి వస్తానన్న స్నేహితుడికీ అదే మాట. పెళ్లిచూపులై నెల దాటినా ఆ పిల్ల తరఫువాళ్లకీ అదే. నువ్వేమో మర్యాదగా మాట్లాడుతున్నాననుకుంటున్నావు. అవతలివాళ్లు ఎటూ కదల్లేక కూర్చున్నారురా.

నాకూ ఈ జబ్బు ఉండేది. ఫిషింగ్ హార్బర్ దగ్గర తాళ్లు, వలలు, బోటు రంగులు అమ్మే రోజుల సంగతి. ఇక్కడ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు వేటకి వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆపుతుంది. బోట్లని ఒడ్డెక్కించి చెక్కలు మార్చేదీ, రంగులు వేసేదీ, వలలు బాగుచేసేదీ అప్పుడే. మాకు బేరమూ అప్పుడే. ఒక ఏడాది మార్చిలో హోల్‌సేల్ వ్యాపారి సరుకు ఎంత పంపమంటావని అడిగాడు. రేటు తగ్గుతుందేమోనని "చూద్దాం" అన్నాను. మళ్లీ అడిగాడు, మళ్లీ అదే. చివరికి సరుకు దిగేసరికి జూన్ వచ్చేసింది. అప్పటికి బోట్ల మీద రంగు ఆరిపోయింది కూడా. ఆ డబ్బాలు మరుసటి ఏడాది దాకా గోడౌన్లో కూర్చుని నన్ను వెక్కిరించాయి. రేటు మాత్రం నిజంగానే తగ్గింది, ఏం లాభం?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక, బోట్లు దెబ్బతిన్నవాళ్లు తాళ్లు అప్పుగా ఇమ్మని వచ్చారు. ఈసారి నాన్చలేదు. "సగం రొక్కం, మిగతాది సంక్రాంతికి" అని అందరికీ ఒకే మాట చెప్పాను. కొందరు తిట్టుకుంటూ పోయారు. తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది పండక్కి ముందే కట్టేశారు. ఇద్దరు ఎగ్గొట్టారులే, అది వేరే కథ.

ఇక నీ సంగతి. షాపు కుదరకపోతే ఖాళీ చేస్తావు, మహా అయితే అడ్వాన్సులో కొంత పోతుంది. ఆరు నెలలు గిరాకీ లేకపోయినా అద్దె కట్టగలవా? కట్టగలిగితే తీసుకో, లేదంటే వదిలెయ్. ఈ లెక్కకి ఒక సాయంత్రం చాలు. వాటా మాత్రం నోటిమాటగా వద్దు. ఎవరు ఎంత పెడతారు, కొట్లో ఎవరు కూర్చుంటారు, విడిపోతే సరుకు ఎవరిది, అన్నీ కాగితం మీద పెట్టి సంతకాలు చేసుకోండి. స్నేహితుణ్ణి ఇవన్నీ అడగడానికి మొహమాటమా? అయితే అసలు కలవకండి.

పెళ్లికి టైమ్ తీసుకో, తప్పులేదు. కానీ ఎన్నాళ్లో చెప్పు. పదిహేను రోజులంటే పదిహేను రోజులు. ఆగాలో, వేరే సంబంధం చూసుకోవాలో వాళ్లే తేల్చుకుంటారు. మీ అత్తయ్యేమో సింహాచలంలో చీటీలు వేయిద్దామంటోంది. అప్పన్నకి ఈ భారం కూడా ఎందుకురా!

ఆదివారం లోపల గాజువాక ఆయనకి ఫోన్ చెయ్యి. వద్దనుకుంటే వద్దనే చెప్పు. అంతేగానీ "ఇంట్లో ఒప్పుకోలేదండీ" అని మీ అమ్మ మీదకి నెట్టకు.

మీ మామయ్య,
విశాఖపట్నం