నెట్ మీటర్ ఉన్న ఇంటికి బ్యాటరీ గిట్టుబాటవుతుందా?

3 కిలోవాట్ల సోలార్‌తో పాటు బ్యాటరీ కూడా తీసుకుంటే పెట్టుబడి తిరిగొస్తుందా అని అడిగారు. నెట్ మీటర్ ఉంటే రాదండి. హనుమకొండలో మా డాబా మీద ఉన్నవీ 3 కిలోవాట్లే, పెట్టించే ముందు ఈ లెక్కంతా వేసుకున్నాం.

పగలు ఇంట్లో వాడగా మిగిలిన కరెంటు గ్రిడ్‌కు, అంటే కరెంటు కంపెనీ లైన్లలోకి పోతుంది. రాత్రి మీరు వాడిన యూనిట్లలోంచి దాన్ని తీసేస్తారు. అంటే దాచిపెట్టే పని గ్రిడ్డే చేస్తోంది. అదే బ్యాటరీలో పెడితే, ఛార్జి ఎక్కి దిగేసరికి పదో వంతు దాకా పోతుంది.

మాకిచ్చిన కొటేషన్‌లో 5 యూనిట్ల లిథియం బ్యాటరీ, దాన్ని కూడా నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్ కలిపి, బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ కన్నా 1,60,000 ఎక్కువ పడింది. రోజూ 4.5 యూనిట్లు వాడుకున్నా పదేళ్లకు 16,400 యూనిట్లు. యూనిట్ దాచడానికే 9 రూపాయల 75 పైసలు! మా బిల్లులో 201-300 స్లాబు రేటు 7.70. నెట్ మీటరే లేదనుకున్నా ఏడాదికి మిగిలేది 12,600. ఆ డబ్బే 7 శాతానికి ఎఫ్‌డీ వేస్తే 11,200 వడ్డీ వస్తుంది, అసలు అలాగే ఉంటుంది. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 3 కిలోవాట్లకు 78,000, బ్యాటరీ పెట్టినా అది పెరగదు.

కాకపోతే ఒక్క సంగతి ముందే తెలుసుకోండి. కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆపేసుకుంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం, పైన ప్యానెళ్లు ఎండకు కాలిపోతుంటే కింద ఫ్యాన్ తిరగదు. మా అత్తయ్యకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు. దీనికి మేం లిథియం కొనలేదు. పాత ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ అలాగే ఉంచాం. మూడు ఫ్యాన్లు, లైట్లు, వైఫై నాలుగు గంటలు లాగుతుంది. డిస్టిల్డ్ వాటర్ మాత్రం మర్చిపోకుండా పోస్తుండాలి.

కాలిఫోర్నియాలో ఉన్న మా తమ్ముడి లెక్క వేరు. అక్కడ 2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకు గ్రిడ్‌కు ఇచ్చే యూనిట్ ధర దాదాపు 75 శాతం తగ్గించారు, సాయంత్రం కొనే కరెంటేమో బాగా ఖరీదు. పగటిది దాచుకుని సాయంత్రం వాడుకుంటేనే వాళ్లకు లాభం. మన దగ్గర కూడా నెట్ మీటరింగ్ దొరకని చోట, లేదా రోజూ గంటల తరబడి డీజిల్ జనరేటర్ నడిపే షాపులకు, ఆసుపత్రులకు బ్యాటరీ గిట్టుబాటవుతుంది.

ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ లాంటిది ఉంటే మాత్రం డబ్బు లెక్క చూడకండి, తీసుకోండి. అప్పుడు వైరింగ్ చేసేటప్పుడే ఏసీ, గీజర్ లైన్లను బ్యాకప్‌లోంచి విడదీయమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. లేకపోతే 5 యూనిట్లూ రెండు మూడు గంటల్లోనే అయిపోతాయి.