బోర్డు ఒకటే, అర్థాలు ఎన్నో

సందేహం: విమానం ఎక్కడానికి ఇచ్చేది బోర్డింగ్ పాస్, పిల్లలు ఉండి చదువుకునేది బోర్డింగ్ స్కూలు, పరీక్షలు పెట్టేది బోర్డు, గోడకు తగిలించేదీ బోర్డే. ఇవన్నీ ఒకే మాటా? తెలుగులో అన్నిటికీ 'మండలి' అని రాయవచ్చా?

సమాధానం: రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను: రాయకూడదు. కూర్చుని నిర్ణయాలు తీసుకునే మనుషుల బృందానికే 'మండలి' నప్పుతుంది. పాలకమండలి, విద్యామండలి చక్కగా ఉన్నాయి. బోర్డింగ్ పాస్‌ను 'మండలి చీటీ' అంటే విన్నవాళ్లు నవ్విపోతారు.

ఇక పుట్టుక సంగతి. పాత ఇంగ్లీషులో ఈ రూపంతో రెండు మాటలు ఉండేవి. ఒకదానికి చెక్కపలక అని అర్థం, రెండోదానికి ఓడ పక్కభాగం అని. రూపం ఒకటే కావడంతో చాలాకాలం కిందటే రెండూ కలిసిపోయాయి. మీ చిక్కంతా ఇక్కడే ఉంది.

ముందు పలక సంగతి చూద్దాం. గోడకు తగిలించే బోర్డు అసలు అర్థాన్ని వదల్లేదు. పలకకు కాళ్లు పెడితే బల్ల అయింది. బల్ల మీద వడ్డించే భోజనానికీ అదే పేరు వచ్చింది. హోటళ్ల ముందు 'బోర్డింగ్ అండ్ లాడ్జింగ్' అని రాస్తారే, అందులో మొదటిది తిండి, రెండోది బస. రెంటికీ అర్థం ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. బోర్డింగ్ స్కూలంటే తిండి పెట్టి, ఉంచుకుని చదువు చెప్పే బడి. బల్ల చుట్టూ కూర్చుని మంతనాలాడేవాళ్లను 16వ శతాబ్దం నుంచి బోర్డు అంటున్నారు. పరీక్షల బోర్డు, డైరెక్టర్ల బోర్డు ఆ కోవలోవే. కబోర్డు కూడా మొదట కప్పులు పేర్చే బల్లే, తలుపులు తర్వాత వచ్చాయి. రాతలో 'ప్' ఉన్నా పలకరు కాబట్టి, 'కబోర్డు' అన్నప్పుడు మనకు కప్పులు తట్టవు.

మన 'పీట' కూడా ఇంచుమించు ఇలాగే నడిచింది. సంస్కృత 'పీఠం' నుంచి వచ్చిన తద్భవం అది. కూర్చునే చెక్క 'పీట'గా ఇంట్లో ఉండిపోయింది. 'పీఠం' మాత్రం అధికారస్థానమై, విద్యాపీఠాల్లో ఏకంగా సంస్థే అయింది. 'బల్ల'కు మాత్రం అంత యోగం పట్టలేదు. పలక, టేబులు రెండూ అదే కానీ, దాని చుట్టూ కూర్చున్నవాళ్లను మనం 'బల్ల' అనం. బల్ల గుద్ది చెప్పడంతోనే సరిపెట్టుకున్నాం.

రెండో దారి ఓడది. ఒక ఓడ మరో ఓడ పక్కకు చేరడాన్ని, ముఖ్యంగా దాడి కోసం చేరడాన్ని, ఒకప్పుడు బోర్డింగ్ అనేవారు. పక్కకు చేరాక దానిలోకి ఎక్కడమే కదా! క్రమంగా ఎక్కడమనే అర్థమే స్థిరపడి రైలుకూ విమానానికీ పాకింది. అంటే బోర్డింగ్ పాస్‌కూ బోర్డింగ్ స్కూలుకూ చుట్టరికం పేరులోనే.

ఓడవాళ్లు కుడివైపును 'స్టార్‌బోర్డ్' అంటారు. అందులో నక్షత్రం లేదు. పూర్వం ఓడను నడిపే పెద్ద తెడ్డు కుడిపక్కన ఉండేది. స్టీరింగులోని 'స్టీర్' అనే మాటే అక్కడ 'స్టార్' అయింది. ఎడమవైపును 'లార్‌బోర్డ్' అనేవారు. సముద్రపు హోరులో రెండు మాటలూ ఒకేలా వినిపిస్తే ఎంత టెన్షనో ఊహించుకోండి. అందుకే 1844లో బ్రిటిష్ నౌకాదళం ఎడమకు 'పోర్ట్' అనే మాటనే వాడాలని ఆదేశించింది.

ఓడ పక్కను చెప్పే ఈ మాటకు చుట్టమైన పాత జర్మానిక్ మాట ఒకటి ఫ్రెంచిలోకి వెళ్లి 'అంచు' అయింది. అక్కడినుంచి ఇంగ్లీషుకు వచ్చిందే బోర్డర్. దేశానికి సరిహద్దు, చీరకు అంచు అదే.

తెలుగు చేసేటప్పుడు ఏ బోర్డో చూసుకుని రాయండి. బడిలోదానికి నల్లబల్ల ఉండనే ఉంది. భోజన వసతి, పాలకమండలి కూడా వాడుకలో ఉన్నవే. బోర్డింగ్ పాస్‌ను అలాగే ఉంచితే నష్టం లేదు. 'బోర్డు తిప్పేశాడు' అన్నదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. జనం డబ్బుతో ఉడాయించడానికి మనవాళ్లు కట్టిన పలుకుబడి అది. మాట ఇంగ్లీషుదైనా వాడుక అచ్చంగా మనది. 'ఫలకాన్ని తిప్పివేశాడు' అని రాస్తే పాఠకుడికి ఏమీ అర్థం కాదు.