పేటకి గ్యాస్ తీసేస్తున్నామని ఉత్తరం వచ్చింది, ఇరుగుపొరుగుకి ఎలా చెప్పాలి?

మీరు అడిగింది ఇదీ: నెదర్లాండ్స్‌లో మీ పేటకి గ్యాస్ ఆపేసి వార్మ్‌టెనెట్, అంటే వీధంతటికీ కలిపి వేడినీళ్ళ పైపులు, వేస్తామని హెమేంటే, అంటే మున్సిపాలిటీ, ఉత్తరం పంపింది. వీధిలో ఉన్న తెలుగు కుటుంబాలకి వివరించే పని మీ మీద పడింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒక్క అంకె కనుక్కోండి: రేడియేటర్లలోకి వచ్చే నీళ్ళు ఎన్ని డిగ్రీలు? 70 దగ్గర్లో అంటే ఉన్న రేడియేటర్లు దాదాపు అలాగే సరిపోతాయి. కేటల్, అంటే ఇప్పుడున్న గ్యాస్ బాయిలర్, తీసేసి దాని పని చేసే చిన్న పెట్టె, అఫ్లేవర్‌సెట్, పెడతారు. 50 అంటే లెక్క మారిపోతుంది. 20, 30 అంటే పైపులో వచ్చేది గోరువెచ్చటి నీళ్ళే, దాన్ని వేడి చేసే హీట్ పంప్ ఇంటింటికీ ఉండాలి, దాని కరెంటు బిల్లు ఇంటివాళ్ళదే. ఈ అంకె చెప్పకుండా చూపించే స్లైడ్లు ఎన్ని ఉన్నా ఇంట్లోవాళ్ళకి పనికొచ్చేది ఏమీ ఉండదు.

ఎందుకంటే 75 డిగ్రీల నీళ్ళు లోపలికెళ్ళి 65తో బయటికొచ్చేటప్పుడు రేడియేటర్ ఇచ్చే వేడి 100 అనుకుంటే, 50తో వెళ్ళి 40తో వచ్చేటప్పుడు అదే రేడియేటర్ 40 మాత్రమే ఇస్తుంది. గదికి అది చాలుతుందా అనేది కిటికీ అద్దాలు, గోడల ఇన్సులేషన్, రేడియేటర్ సైజు మీద ఆధారపడుతుంది. దీన్ని ఊహించక్కర్లేదు, ఇప్పుడున్న కేటల్‌తోనే పరీక్షించొచ్చు.

బయట సున్నా దగ్గరగా ఉన్న రోజు చూసుకోండి. కేటల్‌లో రేడియేటర్ నీళ్ళ వేడిని 50కి దించండి. కుళాయి నీళ్ళ సెట్టింగ్ మాత్రం 60 కింద పెట్టొద్దు, లెజియోనెల్లా బాక్టీరియా భయం ఉంది. అన్ని గదుల రేడియేటర్ల నాబ్‌లు పూర్తిగా తెరిచి, థర్మోస్టాట్‌ని 20 దగ్గర వదిలేయండి. రాత్రి తగ్గించొద్దు. కనీసం ఒక పూర్తి రోజు ఆగండి. ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు: రాత్రి 15కి దించి, పొద్దున పెంచి, రెండు గంటల్లో ఇల్లు వెచ్చబడలేదని ‘మా ఇంటికి పనికిరాదు’ అని తేల్చేస్తారు. 50 డిగ్రీల నీళ్ళతో ఇల్లు మెల్లగానే వేడెక్కుతుంది. రోజంతా 20 నిలబడిందా లేదా అన్నదే చూడాలి. ఒక్క గదే చల్లగా ఉంటే ఆ ఒక్క గదికే పెద్ద రేడియేటర్ పెట్టండి, లేదా ఉన్నదాని కింద ఫ్యాన్లు బిగించండి. ఇల్లంతా మార్చాలని కొటేషన్ ఇచ్చేవాళ్ళతో కాస్త జాగ్రత్త. పరీక్ష అయ్యాక కూడా రేడియేటర్ నీళ్ళ సెట్టింగ్‌ని అలాగే 50, 55 మీద వదిలేస్తే గ్యాస్ కొంత ఆదా అవుతుంది.

దగ్గరి రేడియేటర్ కాలిపోతూ చివరి బెడ్‌రూమ్ చల్లగా ఉంటే అది చాలావరకు బ్యాలెన్సింగ్ లోపం, అంటే నీళ్ళు అన్ని రేడియేటర్లకీ సమంగా అందడం లేదు. నీళ్ళు దగ్గరి దారే పట్టుకుంటాయి. దగ్గరి రేడియేటర్ల తిరుగు పైపు దగ్గర, నీళ్ళ ప్రవాహం తగ్గించడానికి ఉన్న లాక్‌షీల్డ్ వాల్వ్‌ని కొద్దికొద్దిగా బిగించి, వచ్చే పైపుకీ పోయే పైపుకీ మధ్య 10 నుంచి 15 డిగ్రీల తేడా వచ్చేలా చేయించండి. హీట్ పంప్ అయితే 5 నుంచి 7 చాలు.

బిల్లు గురించి ఎవరికీ ‘తగ్గుతుంది’ అని మాటివ్వకండి. వేడిని గిగాజౌళ్ళలో కొలుస్తారు, 1 గిగాజౌల్ సుమారు 32 ఘనపు మీటర్ల గ్యాస్‌తో సమానం. ఏడాదికి 1000 ఘనపు మీటర్లు వాడే ఇంటికి, వంట పక్కన పెడితే, 30 గిగాజౌళ్ళు అనుకోండి. ధరకి గరిష్ఠ పరిమితి ఏటా ఏసీఎం అనే ప్రభుత్వ నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. అయితే నెలవారీ స్థిర ఛార్జీ, మీటరు ఖర్చు, అఫ్లేవర్‌సెట్ అద్దె వేరుగా ఉంటాయి. వాడకం తగ్గించినా బిల్లు ఆశించినంత దిగకపోవడానికి అదే కారణం. ఈ మూడూ విడివిడిగా రాసి ఇమ్మని కంపెనీని అడగండి.

అద్దె ఇళ్ళవాళ్ళకి: ఒకేచోట 10 లేదా అంతకంటే ఎక్కువ ఇళ్ళ పని అయితే, 70 శాతం అద్దెదారులు ఒప్పుకుంటే ఇంటి యజమాని ప్రతిపాదన సమంజసమే అని చట్టం అనుకుంటుంది. అలా 70 శాతం ఒప్పుకున్నారని యజమాని ఉత్తరం పంపాక, ఒప్పుకోనివాళ్ళు 8 వారాల్లో కోర్టుకి వెళ్ళొచ్చు. ఆ ఉత్తరాన్ని డ్రాయర్‌లో పడేయకూడదని ముందే చెప్పండి. సొంత ఇంటివాళ్ళకి ఐఎస్‌డీఈ అనే ప్రభుత్వ సబ్సిడీ ఉంది, పని అయ్యాక అప్లై చేస్తారు. ఇన్‌వాయిస్, ఫొటోలు, డబ్బు కట్టిన రుజువు దాచుకోవాలి.

‘మళ్ళీ గ్యాస్ వస్తుందేమో ఆగుదాం’ అనేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. 2012లో హౌజింగే భూకంపం తర్వాత క్రోనింగెన్ గ్యాస్ క్షేత్రంలో తవ్వకం తగ్గిస్తూ వచ్చి, 2023 అక్టోబర్ 1న ఆపేశారు. 2024లో శాశ్వతంగా మూసేసే చట్టం చేశారు. కొత్త ఇళ్ళకి 2018 జూలై నుంచే గ్యాస్ కనెక్షన్ మామూలుగా ఇవ్వడం లేదు.

మనవాళ్ళ అసలు బెంగ పొయ్యి. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద పనిచేయదు. అడుగున అయస్కాంతం గట్టిగా పట్టుకున్న పాత్రలే పనికొస్తాయి. ఇనప పెనం బాగానే పనిచేస్తుంది, కానీ 30 సెంటీమీటర్ల పెనం కింద 21 సెంటీమీటర్ల కాయిల్ ఉంటే దోశ మధ్యలో మాడి అంచులు తెల్లగా ఉంటాయి. పెద్ద కాయిల్ ఉన్న పొయ్యి ఎంచుకుని, మధ్యస్థం మీద నాలుగైదు నిమిషాలు పెనం వేడెక్కనివ్వాలి. వంకాయ కాల్చడానికి అవెన్ గ్రిల్లే దారి. వంట కోసమే గ్యాస్ అట్టిపెట్టుకుంటే కొద్దిపాటి వాడకానికి స్థిర ఛార్జీ మొత్తం కడుతూనే ఉంటారు.

నాలుగు పొయ్యిల ఇండక్షన్‌కి 7.4 కిలోవాట్ల దాకా కావాలి, ఒక్క 16 ఆంపియర్ల లైన్ చాలదు. మీటర్‌కాస్ట్‌లో, అంటే మీటర్లుండే అల్మారాలో, కొత్త కుక్ గ్రూప్ (పొయ్యికి విడి లైన్), పొయ్యి దగ్గర దానికి సరిపడే పెరిలెక్స్ సాకెట్ వేయించాలి. పాత సింగిల్ ఫేజ్ ఇళ్ళకి 3 ఫేజ్, 25 ఆంపియర్లకి మార్చాల్సి రావచ్చు. ఆ అర్జీ నెట్‌వర్క్ కంపెనీకి పెడితే ప్రాంతాన్ని బట్టి నెలలు పడుతుంది. అందుకే పొయ్యి కొనకముందే ఆ అర్జీ పెట్టించండి.