కీళ్ల అరుగుదల ఉంటే నడక మానేయాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కీళ్ల నొప్పుల గురించి మాకు అందిన ఉత్తరాల్లో నలభై అయిదు, అరవై ఏళ్ల మధ్య వయసువారు రాసినవే ఎక్కువ. ఉద్యోగం, ఇంటి బాధ్యతలు ఇంకా పూర్తిగా నెత్తిమీద ఉన్న వయసు ఇది. ఈ దశలో మోకాలు మొరాయిస్తే మనిషి తనకు తెలియకుండానే ఒక్కో పనీ వదులుకుంటూ పోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019 నాటికి ప్రపంచమంతటా సుమారు 52.8 కోట్ల మందికి ఆస్టియోఆర్థరైటిస్, అంటే కీళ్ల అరుగుదల ఉంది. వారిలో ఎక్కువ మందిని బాధిస్తున్నది మోకాలే. ఒకే తీరుగా ఉన్న ఉత్తరాలను కలిపి, అయిదు ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరుగారూ, నా వయసు 49. ఏడాదిగా కుడి మోకాలు నొప్పి పెడుతోంది. కుర్చీలోంచి లేచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ. పొద్దున లేవగానే అయిదు పది నిమిషాలు కీలు పట్టేసినట్టుంటుంది. ఎక్స్‌-రే తీసి ఆస్టియోఆర్థరైటిస్, గ్రేడ్ 2 అన్నారు. ఉన్న గుజ్జు కూడా అరిగిపోతుందని ఇంట్లోవాళ్లు నా ఉదయపు నడక మాన్పించారు. అప్పటినుంచి బరువు పెరిగింది గానీ నొప్పి తగ్గలేదు. నడక మానడం మంచిదేనా?

జవాబు: మంచిది కాదమ్మా. మళ్లీ మొదలుపెట్టండి. మీ ఇంట్లోవాళ్ల భయం ప్రేమతో వచ్చినదే అయినా, కీలు పనిచేసే తీరుకు అది సరిపడదు. ఎముకల కొసలను కప్పి ఉండే మృదులాస్థికి (మీరు గుజ్జు అంటున్నది ఇదే) సొంత రక్తనాళాలు లేవు. దానికి కావలసిన పోషకాలు కీలు లోపలి ద్రవం నుంచే అందాలి. అడుగు వేసినప్పుడు పడే ఒత్తిడికి మృదులాస్థిలోని నీరు బయటికి వస్తుంది, అడుగు ఎత్తగానే పోషకాలతో కూడిన ద్రవం మళ్లీ లోపలికి ఇంకుతుంది. అందువల్ల మితమైన భారం, దాని వెంటే విడుపు, ఈ రెండూ ఒకదాని తరవాత ఒకటి జరుగుతూ ఉండటం కీలుకు అవసరం. చాలాకాలం కదలిక లేకుండా ఉండిపోయిన కీళ్లలో మృదులాస్థి పలచబడుతుందన్నది పరిశీలనల్లో తేలిన విషయమే.

మీరు రాసిన గ్రేడ్ గురించి కూడా చెప్పాలి. ఎక్స్‌-రేలో కనిపించే మార్పులను 0 నుంచి 4 వరకు విభజించే ఈ పద్ధతిని కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు 1957లో రూపొందించారు. గ్రేడ్ 2 అంటే ఎముక అంచున చిన్న మొలకలు స్పష్టంగా కనిపించడం, కీలు మధ్య ఖాళీ బహుశా కొద్దిగా తగ్గి ఉండటం. ఇది ఎముక ఆకారానికి సంబంధించిన వర్ణన మాత్రమే. మీరు ఎంత దూరం నడవగలరో, నొప్పి ఎంత ఉండాలో అది చెప్పదు. మృదులాస్థిలో నరాలు లేవు కాబట్టి నొప్పి దానిలోంచి పుట్టదు. దాని కింది ఎముకలోంచి, కీలు లోపలి పొర వాపులోంచి, చుట్టూ ఉన్న కండరాలు, బంధనాల్లోంచి వస్తుంది. అందుకే ఎక్స్‌-రే చూస్తే భయం వేసేంత మార్పులున్నా హాయిగా తిరిగేవారున్నారు, ఎక్స్‌-రే దాదాపు మామూలుగా ఉన్నా నొప్పితో బాధపడేవారూ ఉన్నారు. బ్రిటన్‌లో వైద్యులకు చికిత్సా సూచనలు రూపొందించే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల ప్రకారం 45 ఏళ్లు లేదా అంతకు పైబడినవారికి, పనిచేస్తే పెరిగే నొప్పి ఉండి, ఉదయం కీలు పట్టేయడం అసలు లేకపోయినా, ఉన్నా అరగంటకు మించకపోయినా, స్కానింగులేవీ లేకుండానే ఈ జబ్బును నిర్ధారించవచ్చు.

నడక మానిన నెలల్లో మీకు జరిగిన అసలు నష్టం తొడ ముందు భాగంలో ఉంది. అక్కడి కండరాలు మోకాలికి కాపుగా ఉండి, అడుగు పడినప్పుడు వచ్చే అదురును చాలావరకు తామే భరిస్తాయి. వాడకం తగ్గితే అవి త్వరగా బలహీనపడతాయి, ఆ భారమంతా కీలు మీద పడుతుంది, నొప్పి పెరుగుతుంది, నొప్పికి భయపడి మనిషి ఇంకా తక్కువ కదులుతాడు. బరువు విషయం కూడా ఇలాంటిదే. అధిక బరువుతో మోకాలి నొప్పి ఉన్నవారిని పరిశీలించినప్పుడు, ఒంట్లో తగ్గే ప్రతి కిలోకు అడుగడుక్కీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని తేలింది. రెండు మూడు కిలోలు తగ్గినా కీలుకు ఎంత ఊరటో ఊహించుకోండి.

మొదటి వారం సమతలంగా ఉన్న దారిలో, మెత్తటి అడుగున్న బూట్లతో, ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు నడవండి. ఇబ్బంది లేకపోతే వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోండి. వారానికి మొత్తం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ పెద్దవాళ్లందరికీ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది; కీళ్ల అరుగుదల ఉన్నవారికీ అదే గమ్యం. అంతసేపూ ఓ మోస్తరు వేగంతో నడవగలగడానికి మీకు మూడు నాలుగు నెలలు పట్టినా పరవాలేదు.

ప్రశ్న: నాకు 53 ఏళ్లు. రెండు మోకాళ్లలోనూ అరుగుదల ఉంది. వ్యాయామం మంచిదని విని వీడియో చూస్తూ ఒక్కరోజే గుంజీలు, మెట్లెక్కడం అన్నీ చేశాను. మర్నాటికి మోకాలు వాచి రెండు రోజులు మంచం దిగలేకపోయాను. మళ్లీ ప్రయత్నించినా అదే జరిగింది. నొప్పి ఉంటే ఆపేయాలా, ఓర్చుకుని చేయాలా? మోకాళ్లలో కటకటమని శబ్దం కూడా వస్తోంది.

జవాబు: మీరు ఎంచుకున్న మందు సరైనదే, మోతాదు మాత్రం మొదటిరోజే చాలా ఎక్కువైంది. నాకు అందే ఉత్తరాల్లో వ్యాయామం పడలేదని చెప్పేవారిలో ఎక్కువమంది కథ ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

నొప్పిని 0 నుంచి 10 వరకు మీరే కొలుచుకోండి. అసలు నొప్పి లేకపోతే 0, భరించలేని నొప్పి అయితే 10. వ్యాయామం చేస్తున్నప్పుడు 2 వరకు ఉంటే నిశ్చింతగా కొనసాగించవచ్చు, 5 వరకు కూడా ఫరవాలేదు. అంతకు మించితే ఆపి, కుర్చీ ఎత్తు పెంచడమో సంఖ్య తగ్గించడమో చేయాలి. దీనికంటే ముఖ్యమైనది మర్నాడు ఎలా ఉందన్నది. పెరిగిన నొప్పి 24 గంటల్లో మామూలు స్థాయికి దిగివస్తే ఆ మోతాదు మీ కీలుకు సరిపోయినట్టే. దిగకపోతే, లేదా కీలు వాస్తే, రెండు రోజులు తేలికపాటి నడకతో సరిపెట్టి, ఆ తరవాత సగం మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలి. చేస్తున్నప్పుడు కొద్దిపాటి నొప్పి వచ్చినంత మాత్రాన కీలు దెబ్బతింటోందని కాదు. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే సగం భయం పోతుంది. డెన్మార్క్‌లో 2013లో మొదలై తరవాత పలు దేశాలకు విస్తరించిన ‘గ్లాడ్’ అనే కార్యక్రమంలోనూ రోగులకు ముందు జబ్బు గురించి వివరంగా చెప్పి, ఆ తరవాతే వ్యాయామం మొదలుపెట్టిస్తారు.

ఇంట్లో చేసుకోవడానికి ఒకే ఒక్క వ్యాయామం చెప్పమంటే నేను కుర్చీలోంచి లేచి కూర్చోవడాన్నే చెబుతాను. గట్టి కుర్చీని గోడకు ఆనించి వేసుకోండి. అంచు దాకా జరిగి కూర్చుని, పాదాలను తుంటి వెడల్పున, మోకాళ్లకంటే కాస్త వెనక్కి ఉండేలా నేలకు ఆనించండి. తుంటి దగ్గర ముందుకు వంగి, ముక్కు కాలివేళ్లకు సూటిగా పైకి వచ్చేదాకా బరువును ముందుకు తెచ్చి, మడమలతో నేలను నొక్కుతూ లేవండి. లేచేటప్పుడు మోకాళ్లు ఒకదానివైపు ఒకటి ఒరగకూడదు. కూర్చునేటప్పుడు ధబ్బున కూలబడకుండా, మనసులో నాలుగు దాకా లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి; కండరానికి ఎక్కువ మేలు జరిగేది ఈ దిగడంలోనే. మొదట అయిదు సార్లు చేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ అయిదు సార్లు చేస్తే చాలు. కష్టంగా ఉంటే కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోండి. తేలిక అనిపించినప్పుడు దిండు తీసేయండి, ఆ తరవాత సంఖ్య పెంచండి. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు చేయండి. ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రెండో వారంలోనే తేడా లేదని మానేయడం వల్లనే చాలామంది నష్టపోతున్నారు.

శబ్దం విషయానికి వస్తే, నొప్పీ వాపూ లేకుండా వచ్చే కటకట హానికరం కాదు. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోతుంటే, లేదా అడుగు వేస్తుండగా కాలు వదిలేస్తుంటే మాత్రం చూపించుకోవాలి. సైకిలు తొక్కడం, ఈదడం మీకు బాగా సరిపోతాయి. సైకిలు సీటును పెడలు కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేంత ఎత్తులో పెట్టుకోండి. సీటు తక్కువ ఎత్తులో ఉంటే మోకాటిచిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది.

ప్రశ్న: నా వయసు 51. మోకాళ్లు బాగానే ఉన్నాయి గానీ బొటనవేలి మొదట్లో నొప్పి. సీసా మూత తిప్పలేను, తాళం తీయలేను. వేళ్ల చివరి కణుపుల దగ్గర బుడిపెలు కూడా వచ్చాయి. ఇదీ అరుగుదలేనా?

జవాబు: మీ వివరాలను బట్టి అదే అయి ఉండవచ్చు, ఈ వయసు స్త్రీలలో చేతి కీళ్లకు ఇది తరచుగా వచ్చేదే. అయితే వేళ్ల మొదటి కణుపులు, మణికట్లు రెండు చేతులకూ వాచి, ఉదయంపూట అరగంటకు మించి బిగుసుకుపోతుంటే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే జబ్బు) కావచ్చు. దానికి మందులు వేరు, ఆలస్యం చేస్తే కీళ్లు శాశ్వతంగా దెబ్బతింటాయి కాబట్టి వెంటనే రక్తపరీక్షలు చేయించుకోండి. అరుగుదలే అయితే, పట్టు సన్నగా ఉన్న వస్తువులకు దళసరి పిడి వేసుకోండి, మూత మీద రబ్బరు గుడ్డ వేసి అరచేయంతా ఆనించి తిప్పండి, ఎక్కువ పని ఉన్నరోజుల్లో బొటనవేలికి పట్టీ కట్టుకోండి. మెత్తటి బంతిని నెమ్మదిగా పిసకడం వంటి తేలికపాటి వ్యాయామాలు పట్టును నిలబెడతాయి.

ప్రశ్న: గ్లూకోసమిన్ బిళ్లలు వాడితే గుజ్జు మళ్లీ పెరుగుతుందంటున్నారు. మోకాల్లో జెల్ ఇంజెక్షన్ కూడా సూచించారు. నా వయసు 56, రక్తపోటు ఉంది. ఏది వాడాలి?

జవాబు: అరిగిన మృదులాస్థిని మళ్లీ మొలిపించే బిళ్ల ఇంతవరకు లేదు. గ్లూకోసమిన్‌ను, హైలురోనిక్ ఆమ్లంతో చేసే జెల్ ఇంజెక్షన్లను నైస్ సంస్థ 2022లో సిఫారసు చేయలేదు. మోకాలికి మొదట వాడవలసింది పైపూతగా రాసే నొప్పి నివారణ జెల్. అది ఒంట్లోకి చాలా తక్కువగా చేరుతుంది. మింగే నొప్పి బిళ్లలు రక్తపోటును పెంచగలవు, కడుపులో పుండ్లకు, మూత్రపిండాల ఇబ్బందికి దారితీయగలవు. మీకు రక్తపోటు ఉంది కాబట్టి మీ వైద్యుణ్ని అడగకుండా వాటిని రోజుల తరబడి మింగవద్దు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. ఆ వారాలను వ్యాయామం మొదలుపెట్టడానికి వాడుకుంటే దాని ప్రయోజనం నిలుస్తుంది, లేకపోతే నొప్పి తిరిగి వచ్చినప్పుడు మీరు మొదలున్న చోటే ఉంటారు. గొట్టం పెట్టి మోకాలు లోపల శుభ్రం చేసే ఆర్థ్రోస్కోపీ గురించి కూడా కొందరు అడిగారు. 2002లో ప్రచురితమైన ప్రసిద్ధ అధ్యయనంలో 180 మందిలో కొందరికి ఆ శస్త్రచికిత్స చేసి, మిగిలినవారికి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి కుట్లు వేశారు. నొప్పి తగ్గడంలో ఇద్దరికీ తేడా కనిపించలేదు.

ప్రశ్న: 59 ఏళ్లు. ఎడమ మోకాలు గ్రేడ్ 4. కీలు మార్పిడి తప్పదంటున్నారు. చేతికర్ర పట్టుకోమన్నారు, కానీ ముసలివాణ్ని అయిపోయినట్టు అనిపించి మానేశాను. ఇప్పుడే ఆపరేషన్ చేయించుకోవాలా?

జవాబు: గ్రేడ్‌ను చూసి కాదు, జీవితాన్ని చూసి నిర్ణయించుకోవాలి. క్రమం తప్పకుండా మూడు నెలలు వ్యాయామం చేసి, బరువు తగ్గించి, మందులు సరిగ్గా వాడినా నొప్పితో రాత్రులు నిద్ర పట్టకపోతుంటే, రోజువారీ పనులు జరగకపోతుంటే, అప్పుడు శస్త్రచికిత్స సరైన మార్గమే. మార్చిన మోకాళ్లలో పదింట ఎనిమిది పాతికేళ్లు పనిచేస్తున్నాయని 2019లో వెలువడిన పెద్ద విశ్లేషణ తేల్చింది. అయితే చేయించుకున్నవారిలో అయిదుగురిలో సుమారు ఒకరు ఫలితంతో పూర్తిగా తృప్తి చెందరన్నది కూడా నిజం. మీ విషయంలో ఏ పనులు తిరిగి చేయగలరో, ఏవి చేయలేరో సర్జన్‌ను ముందే స్పష్టంగా అడగండి.

చేతికర్ర మీద మీ అయిష్టం నాకు అర్థమవుతుంది, అయినా దయచేసి మళ్లీ చేతిలోకి తీసుకోండి. కర్ర వల్ల మీరు ఇంకో కిలోమీటరు నడవగలిగితే ఆ కిలోమీటరు మీ కండరాలను కాపాడుతుంది. ఎడమ మోకాలు నొప్పి కాబట్టి కర్ర కుడిచేతిలో ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి పట్టుకుంటారు. నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలినప్పుడు దాని పిడి మణికట్టు ముడత దగ్గరకు రావాలి. ఎడమ కాలితో పాటే కర్ర ముందుకు పడాలి. మెట్లెక్కేటప్పుడు ముందు కుడికాలు, దిగేటప్పుడు ముందు కర్ర, ఎడమకాలు. శస్త్రచికిత్స తేదీ ఖరారైనా సరే పైన చెప్పిన కుర్చీ వ్యాయామం మానవద్దు, ఎందుకంటే ఆపరేషన్ తరవాత మిమ్మల్ని మంచం మీంచి లేపి నిలబెట్టేది ఆ తొడ కండరాలే. ఈలోగా కీలు ఉన్నట్టుండి ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరం కూడా వస్తే దాన్ని అరుగుదలగా భావించి ఇంట్లో ఉండిపోకండి. అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి.