ఏ రైఫిల్ బ్యారెల్ అన్నది తర్వాత, ముందు మీ చేతిలో ఆరు నెలల ఖర్చు ఉందా?

ప్రశ్న: డెన్వర్‌లో హెచ్-1బి (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉద్యోగం చేస్తున్నాను. హంటింగ్ లైసెన్స్ ఉంది. ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్ తూటా పేల్చే కస్టమ్ రైఫిల్ చేయించుకోవాలని ఉంది. కార్బన్ ఫైబర్ బ్యారెల్‌తో 4,800 డాలర్లు, స్టీల్‌తో 4,200. షాపు కార్డు మీద 12 నెలలు వడ్డీ లేదంటున్నారు. నెలకు 200 కట్టి, మిగతాది బోనస్ రాగానే తీర్చేస్తాను. సేవింగ్స్ 3,500, నెల ఖర్చు 4,000. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. ఏ బ్యారెల్ తీసుకోమంటారు?

జవాబు: స్టీల్. కార్బన్ బ్యారెల్‌లో కూడా లోపల ఉండేది స్టీల్ గొట్టమే, దాని చుట్టూ కార్బన్ ఫైబర్ చుడతారు. మ్యాగ్నమ్ తూటా వేడికి ఛాంబర్ (తూటా కూర్చునే గది) ముందు అరిగేది ఆ స్టీలే కాబట్టి, 600 ఎక్కువ పెట్టినా ఎక్కువ కాలం మన్నదు. లావు స్టీల్ బ్యారెల్ పక్కన పెట్టి చూస్తే కార్బన్‌ది బాగా తేలిక, నిజమే. కానీ వేటకు మామూలుగా వాడే సన్న స్టీల్ బ్యారెల్‌తో పోలిస్తే బరువులో పెద్ద తేడా ఉండదు. సన్నది వరసగా కాలిస్తే త్వరగా వేడెక్కుతుంది. ఎల్క్ మీద పేల్చేది ఒకటి రెండు షాట్లేగా!

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది 3,500 అన్న అంకె. అది మీ ఇంటికి నెల రోజులకు కూడా చాలదు. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి మీకుండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ రెండు నెలలూ అద్దె ఆగదు, పాప హెల్త్ ఇన్సూరెన్స్‌కు కంపెనీ కడుతున్న వాటా కూడా మీ నెత్తినే పడుతుంది. అప్పుడు రైఫిల్ అమ్మితే పెట్టినదాంట్లో ఎంత తిరిగొస్తుందో మీరే ఆలోచించండి.

ఇక ఆ కార్డు. "వడ్డీ లేదు" అన్న చాలా షాపు కార్డుల్లో వడ్డీ మాఫీ కాదు, వాయిదా పడుతుందంతే. గడువులోగా పూర్తిగా తీర్చకపోతే కొన్న రోజు నుంచీ లెక్కగట్టి ఒకేసారి వేస్తారు. ఒక కుటుంబం అలాంటి స్టేట్‌మెంట్‌తో నా దగ్గరికి వచ్చింది. 4,000 డాలర్ల సోఫా సెట్, ఏడాది చివర్లో మిగిలిన బాకీ కేవలం 90. పదమూడో నెల వడ్డీ గడిలో 600 దాటిన అంకె. ఆవిడ దాని మీద వేలు పెట్టి "ఇది తప్పు పడిందేమో అడగండి" అంటూనే ఉన్నారు. తప్పేం లేదు, వెనక పేజీలో సన్నటి అక్షరాల్లో అంతా రాసే ఉంది.

మీ లెక్కే చూద్దాం. కార్బన్‌ది తీసుకుని నెలకు 200 కడితే ఏడాది చివర ఇంకా 2,400 బాకీ మిగులుతుంది. బోనస్ రాలేదనుకోండి, కార్డు వడ్డీ 29.99 శాతం అనుకుంటే సుమారు 1,100 డాలర్ల వడ్డీ. రెండు బ్యారెళ్ల మధ్య తేడాకు దాదాపు రెట్టింపు! ఇంకా చేతికి రాని బోనస్‌ను నమ్ముకుని అప్పు చేయకండి. 401కె (కంపెనీ ద్వారా ఉండే రిటైర్మెంట్ ఖాతా) మీద లోన్ కూడా వద్దు, ఉద్యోగం పోతే అదీ మెడకు చుట్టుకుంటుంది.

కార్డుకు కడదామనుకున్న 200 ఈ నెల నుంచే సేవింగ్స్‌లో వేయండి, బోనస్ మొత్తం కూడా అందులోకే. ఆరు నెలల ఖర్చు, అంటే 24,000 అయ్యేదాకా గన్‌స్మిత్‌కు అడ్వాన్స్ ఇవ్వకండి. ఈలోగా వేటకు వెళ్లాలంటే వెయ్యి డాలర్ల లోపు మంచి ఫ్యాక్టరీ రైఫిళ్లు దొరుకుతాయి, డబ్బు కూడబెట్టుకుని కొనండి. కంపెనీ ఇచ్చింది కాకుండా మీ పేరున టర్మ్ ఇన్సూరెన్స్ ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఈ వారమే తీసుకోండి.