తరగతి బ్లాగు: ఎవరు రాయాలి, ఎవరు చదవాలి?

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతిలో 40 మంది ఉన్నారు. కంప్యూటర్ గదిలో పనిచేసేవి ఆరే. పిల్లలచేత ఇంగ్లిష్‌లో బ్లాగు రాయించాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఇంగ్లిష్ ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

జవాబు: గోడ మీద మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు కంప్యూటర్ జోలికి పోవద్దు. ఏ4 కాగితం మీద ఒక శీర్షిక, దాని కింద 60 నుంచి 80 మాటలు రాయించి తరగతి గోడకు అంటించండి. చదివినవాళ్లు రంగు చీటీ మీద వ్యాఖ్య రాసి పక్కన అతికిస్తారు. 'గుడ్', 'నైస్', 'సూపర్' అన్న చీటీలే మొదట కుప్పలుగా వస్తాయి. వాటిని అప్పుడే ఆపాలి, కంప్యూటర్ మీదికి వెళ్లాక ఆపడం కష్టం.

వ్యాఖ్యకు ఒకే నియమం పెట్టండి: రాసినదాంట్లోంచి ఒక వివరం ఎత్తి చూపాలి, ఒక ప్రశ్న అడగాలి. 'యువర్ మదర్ గోస్ టు పిక్ చిల్లీస్ ఇన్ ఏన్ ఆటో. హౌ మెనీ పీపుల్ సిట్ ఇన్ ఇట్?' అని అడిగితే రాసినవాడు జవాబు చెప్పక తప్పదు. టీచర్ కోసం రాసే వ్యాసంలో ఈ ఒత్తిడి ఉండదు. బ్లాగు వల్ల భాషకు జరిగే మేలులో సగం పైగా ఈ వ్యాఖ్యల్లోనే ఉందని మా అభిప్రాయం.

అంశాలు ఇరుకుగా ఇవ్వండి. 'మై విలేజ్' అంటే గైడులోని వాక్యాలే దిగుతాయి. 'మా ఇంట్లో ఎండుమిర్చికి తొడిమలు తీసే పని', 'పొద్దున ఆరింటికి మా వీధి బోరింగు' లాంటివి ఏ గైడులోనూ దొరకవు.

ఇక లెక్క. ఎనిమిదేసి మందితో ఐదు జట్లు చేయండి. ఒక జట్టు రాస్తే మిగతా 32 మంది వ్యాఖ్యానిస్తారు, అంటే ఒక్కో రచనకు నాలుగు వ్యాఖ్యలు. కొత్త చేతికి 80 మాటలు టైపు చేయడానికి అరగంట పడుతుంది. ఎనిమిది రచనలకు ఆరు కంప్యూటర్లు కాబట్టి రెండు విడతలు, గంట. 25 మాటల వ్యాఖ్యకు ఎనిమిది నిమిషాలు వేసుకుంటే 32 వ్యాఖ్యలకు మరో ముప్పావుగంట పైనే. ఇదంతా ఒకే వారంలో పెడితే సిలబస్ ఆగిపోతుంది. ఒక వారం రచనలు, మరుసటి వారం వ్యాఖ్యలు పెట్టుకోండి. అలా పది వారాల్లో ప్రతి పిల్లా ఒకసారి రచన, నాలుగుసార్లు వ్యాఖ్య రాస్తారు.

ప్రశ్న: బ్లాగు పెట్టడానికి బ్లాగర్ మంచిదా, వర్డ్‌ప్రెస్ మంచిదా? పిల్లలకు ఈమెయిల్ ఖాతాలు తెరిపించాలా?
– ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఖాతాలు తెరిపించకండి. బ్లాగర్‌లో రాయాలంటే గూగుల్ ఖాతా కావాలి, దాన్ని సొంతంగా నడుపుకోవడానికి మన దేశంలో 13 ఏళ్లు నిండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కగడుతుంది. అందుకే ఏ పద్ధతిలో వెళ్లినా తల్లిదండ్రుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఫైలులో పెట్టుకోండి.

బ్లాగర్ నడపడం తేలిక. కానీ రచయితగా చేర్చిన ఎవరైనా, మీరు చూడకముందే నేరుగా ప్రచురించేయగలరు. వర్డ్‌ప్రెస్‌లో 'కంట్రిబ్యూటర్' అనే హోదా ఉంది. ఆ హోదాలో ఉన్నవాళ్లు రాసి మీ పరిశీలనకు పంపగలరంతే. ప్రచురించే బటన్ మీ చేతిలో ఉంటుంది. వాళ్లు ఫొటోలు ఎక్కించలేరు, ప్రచురించాక దిద్దలేరు. బడికి ఈ అడ్డుగోడే కావాలి కాబట్టి మా ఓటు వర్డ్‌ప్రెస్‌కే. ఉచిత ప్లాన్‌లో ప్రకటనలు కనిపిస్తాయి, సర్దుకోవాలి. తరగతి మొత్తానికి ఒకే కంట్రిబ్యూటర్ ఖాతా చాలు. దాని ఈమెయిల్ మీ దగ్గరే ఉండాలి, పీరియడ్ అయ్యాక అన్ని కంప్యూటర్లలోనూ లాగౌట్ చేయించాలి.

సెట్టింగుల్లో మూడు పనులు చేయండి. సెర్చ్ ఇంజిన్లకు కనిపించకుండా పెట్టండి. ప్రతి వ్యాఖ్యా మీ ఆమోదంతోనే బయటికి వచ్చేలా మార్చండి. వ్యాఖ్యకు పేరు, ఈమెయిల్ తప్పనిసరి అన్న నిబంధన తీసేయండి, లేకపోతే ఖాతా లేని పిల్లలు అక్కడే ఆగిపోతారు. పిల్లలు కలం పేర్లు పెట్టుకోవాలి. ముఖాలు, బడి బ్యాడ్జీ, ఇంటి నంబరు కనిపించే ఫొటోలు వద్దు. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలూ వద్దు, వాటి హక్కులు ఇంకొకరివి.

ఒక చిన్న చిక్కు: వాట్సాప్ నుంచో వర్డ్ నుంచో తెచ్చి అతికిస్తే అక్షరాల సైజులు చిందరవందరగా వస్తాయి. కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే సైజుల గొడవ లేకుండా అక్షరాలు మాత్రమే వస్తాయి.

ప్రశ్న: తప్పులన్నీ దిద్దాకే ప్రచురించాలా? తల్లిదండ్రులు చూస్తే మా పరువేం కాను?
– ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని, గుంటూరు

జవాబు: అన్నీ దిద్దితే అది మీ రచన అవుతుంది, పిల్లది కాదు. ఇవి నేర్చుకునేవాళ్ల రాతలని బ్లాగు పైన ఒక వాక్యం పెట్టండి, పరువు సంగతి దానితో తేలిపోతుంది.

రచనకు మూడు గుర్తులకు మించి పెట్టకండి. జవాబు రాయకుండా అడుగున గీత మాత్రం గీయండి, సరిచేయడం పిల్లల పని. మొదటి విడతలో కాలాలనే పట్టుకోండి. 'యెస్టర్‌డే వుయ్ వెంట్' అని మొదలై మూడో వాక్యానికల్లా 'వుయ్ ఆర్ ఈటింగ్' అయిపోతుంది. చదివేవాడు తికమకపడేది ఇక్కడే. తర్వాత 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్', 'డిస్కస్డ్ అబౌట్' లాంటివి చూడండి. 'ఎ', 'ద' లను చివరికి వదిలేయండి. తెలుగులో వాటికి సాటి వచ్చేవి లేవు కాబట్టి పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. అవి లేకపోయినా విషయం చాలావరకు అర్థమవుతుంది.

ప్రశ్న: మా విద్యార్థులు తెలుగులో రాసి, ఫోన్‌లో అనువాదం చేయించి తెస్తున్నారు. ఎలా ఆపాలి?
– జూనియర్ కాలేజీ అధ్యాపకుడు, కరీంనగర్

జవాబు: మొదటి ప్రతిని తరగతిలోనే, 20 నిమిషాల్లో, చేత్తో రాయించండి. ఫోన్‌లో మాట వెతుక్కోవచ్చు, వాక్యం మాత్రం వద్దు. టైపు చేసినదాన్ని ఆ చేతిరాత ప్రతితో పోల్చి చూడండి. అనుమానం వస్తే నిలదీయకుండా 'ఈ మాట బదులు ఇంకేం వాడొచ్చు?' అని అడగండి. సొంతంగా రాసినవాళ్లు తడబడినా ఏదో ఒకటి చెబుతారు.

ప్రశ్న: మొదటి నెల ఉత్సాహం బాగుంది. తర్వాత ఎవరూ రాయడం లేదు.
– ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా

జవాబు: మీ వాళ్ల రాతలు చదివేది మీ వాళ్లే అయి ఉంటారు. తోటివాడి సంగతులు ముందే తెలుసు, అడగడానికేమీ మిగలదు. వేరే జిల్లా బడితో జత కుదుర్చుకోండి. సముద్రం చూడని మీ పిల్లలకు వేటపడవల గురించి రాసే బడి దొరికితే ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. వాళ్లకేమో వేరుశనగ పొలం కొత్త. రెండు బడుల టీచర్లూ జట్ల వారాలు ఒకే కాగితం మీద ముందే రాసుకోవాలి. ఒకవైపు పరీక్షలు, ఇంకోవైపు రచనలు పడితే వ్యాఖ్యలు రాక పిల్లలు నీరుగారిపోతారు. పదో తరగతినైతే జనవరి నుంచి వదిలేయండి.